లచ్చయ్య కోసిన గోలీ

తార్నాక చౌరస్తా నుండి విశ్వవిద్యాలయం వైపు పోయే దారిలో, ఒక ఇరుకు సందులో, రెండవ అంతస్తు బాల్కనీలో ఒక కర్రబల్ల, ఆ బల్ల అంచుకు బిగించిన, వస్తువులను కదలకుండా పట్టే చిన్న ఇనుప వైసు కనిపిస్తాయి. అవి లచ్చయ్యవి. లాలాగూడ రైల్వే కార్ఖానాలో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా పనిచేసి విరమించిన నాడు తోటివారు ఆయనకు శాలువా కప్పి, అద్దాల పెట్టెలో రైలింజను బొమ్మ ఒకటి బహూకరించారు. ఆ బొమ్మ ఇప్పుడు ఏ అటక మీద ఉన్నదో ఆయనకు తెలియదు. వైసు మాత్రం కంటికి ఎదురుగా ఉండవలసిందే. ఆ వాడలో తిరగనని మొండికేసిన తాళమైనా, ఆవిరి పక్కదారి పట్టిన కుక్కరైనా చివరకు ఆ బల్ల మీదికే వచ్చి చేరుతుంది.

కార్ఖానాలో ఆయన చేతి మీదుగా నడిచినవి రైలుపెట్టెల బ్రేకు వాల్వులు. గొట్టంలోని గాలి ఒక్కపెట్టున వదిలితే పెట్టె ఎగిరిపడి పైబెర్తు మనిషి కిందికి వస్తాడు; అదే గాలిని కొలత ప్రకారం తాపీగా వదిలితే తల్లి ఒడిలోని పసిబిడ్డ నిద్ర కూడా చెదరదు. ఆ తాపీతనమంతా వాల్వు లోపలి సన్నని రంధ్రంలో ఉంటుంది. ఆ రంధ్రాన్ని వెంట్రుక మందం తేడా రాకుండా సరిచేయడమే లచ్చయ్య విద్య. అంతటి విద్య తెలిసిన మనిషి ఒక చిన్న మందుగోలీ దగ్గర ఎట్లా పొరబడ్డాడో చెప్పాలంటే, ముందుగా ఆయన కూతురు భూమికను గురించి చెప్పాలి.

భూమికకు నాలుగేళ్లు నిండినా మాట రాలేదు. వచ్చిన నాడు అమ్మా అనలేదు, బాపూ అనలేదు; "తలుపు" అన్నది. సగం తెరిచి, సగం మూసి ఉన్న తలుపును ఆమె భరించలేదు. లచ్చయ్య పరుగున పోయి తలుపు పూర్తిగా మూశాడు. ఆమె మొట్టమొదటిసారి తండ్రి ముఖంలోకి చూసింది. ఆ చూపును ఆయన నేటికీ మరువలేదు. పిల్లల డాక్టరు దానికి ఆటిజం అని పేరు చెప్పి, లోకంలోని చప్పుళ్లు, వెలుగులు, మాటల మర్మాలు ఈ పిల్లకు వేరే తీరున అందుతాయనీ, అది రోగం కాదు గనుక దానికి గోలీ లేదనీ విడమరిచి చెప్పాడు. తల్లి భారతమ్మ మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు కన్నీళ్లు తుడుచుకుని, ఇంట్లోని తలుపులన్నిటికీ గొళ్లాలు పెట్టించింది.

గోలీ అవసరమైనది తరువాత తేలిన రెండవదానికి. భూమిక మనసు ఒకచోట నిలిచేది కాదు. తొమ్మిదో ఏట, తార్నాక చౌరస్తాలో, గాలికి ఎగురుతున్న ఒక మిఠాయి కాగితాన్ని చూసి తండ్రి చేయి విదిలించుకుని నడిరోడ్డు మీదికి ఉరికింది. బస్సు డ్రైవరు బ్రేకు తొక్కాడు. ఆ చక్రాల కీచుమన్న శబ్దం విని, బండి ఎన్ని అడుగులలో ఆగుతుందో లచ్చయ్య చెవి లెక్కగట్టింది. కాళ్లు మాత్రం కదలలేదు. బస్సు ఆమెకు జానెడు దూరంలో ఆగింది. ఆ వారమే డాక్టరు ఆ నిలకడలేనితనానికి ఏడీహెచ్‌డీ అనే మాట చెప్పి, మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రాశాడు.

మొదటి గోలీ మింగిన ఉదయం భారతమ్మ వంటింట్లో కరివేపాకు దూస్తూ ఉండగా, భూమిక వచ్చి పక్కన కూర్చున్నది. ఒక రెబ్బ తీసుకుని ఆకులన్నీ విడదీసి, చిన్నదాని పక్కన కొంచెం పెద్దది, దాని పక్కన ఇంకొంచెం పెద్దది, వంటింటి గడప నుండి పడమటి గోడ దాకా వరుసగా పేర్చింది. గంటన్నర కదలలేదు. గడపలో నిలబడిన లచ్చయ్య, లోపలికి అడుగుపెడితే ఆ వరుస చెదురుతుందేమోనని డ్యూటీకి ఆలస్యమైనా అట్లాగే ఉండిపోయాడు. ఇంత ఓపిక ఈ పసిదానిలో ఎక్కడ దాగి ఉన్నదని ఆయన విస్తుపోయాడు. ఆ గోలీని ఆనాటి నుండి ఆయన దేవుడి అర కిందనే, స్టీలు డబ్బాలో భద్రపరిచాడు.

అట్లా పదిహేనేళ్లు గడిచాయి. పొద్దున ఏడున్నరకు లచ్చయ్య తన చేత్తో కాచిన రాగిజావ, దానితో పాటు గోలీ. పెరిగేకొద్దీ మోతాదూ పెరిగింది. రోజుకు ఒక్కటే చాలునని చెప్పి డాక్టరు వేరే రకం గోలీ రాశాడు. భూమిక స్కూలు దాటింది, తడబడుతూనే వృక్షశాస్త్రంలో డిగ్రీ కూడా దాటింది. మధ్యాహ్నం డబ్బా మాత్రం మూత తీయకుండానే ఇంటికి వచ్చేది. "ఈ పిల్ల గాలి తిని బతుకుతున్నదా ఏంది?" అని భారతమ్మ తిట్టేది. గోలీ ఆకలిని చంపుతుందని డాక్టరు చెప్పినా, తిట్టడం తల్లి పని గనుక ఆమె మానలేదు.

ఇరవై రెండో ఏట భూమికకు విశ్వవిద్యాలయంలోని హెర్బేరియంలో తాత్కాలికపు పని దొరికింది. హెర్బేరియం అంటే ఎండు మొక్కల భాండారం. అడవులలో సేకరించిన మొక్కలను కాగితాల నడుమ అదిమి, ఎండబెట్టి, దళసరి అట్టల మీద కుట్టి, ఎవరు, ఎక్కడ, ఏనాడు తెచ్చారో రాసి బీరువాలలో దాస్తారు. డెబ్బై ఏళ్లనాటి అట్టలలో ఆకులు విరిగి రాలిపోయాయి. వాటిని తిరిగి వాటి వాటి తావులలో అతకడం భూమిక పని.

చేరిన రెండు నెలలకు, కూతురు మరచిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి లచ్చయ్య అక్కడికి వెళ్లాడు. కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. అటెండరు దానయ్య ఎదురొచ్చాడు.

"రా అన్నా. నీ బిడ్డ పోలీసు నౌకరీల ఉండాల్సింది. గీడ ఆకులకు పంచనామా చేస్తున్నది."

"ఏమన్న సతాయిస్తున్నదా?"

"ఆమె సతాయించుడేంది? నేనే ఆమెను సతాయిస్తున్న. చాయ్ తాగు బిడ్డా అంటే, ఇప్పుడు పదకొండు కాలే అంటది. పదకొండుకు ఒక్క నిమిషం తక్కువున్నా గిలాస ముట్టదు!"

భూమిక బల్ల మీద ఒక కవరు ఉన్నది. ఏ మొక్కవో తేల్చలేక ఎన్నో ఏళ్లుగా పక్కన పడవేసిన ముక్కలు అందులో ఉన్నాయి. ఆమె పట్టుకారుతో శనగగింజంత ముక్కను తీసి భూతద్దం కింద పెట్టింది.

"బాపూ, అంచు చూడు. పురుగు తిన్నది."

"ఎండినంక తినుంటది."

"కాదు. తిన్న జాగల అంచు మందంగ ఉన్నది. అంటే పుండు మానింది. మొక్క బతికి ఉన్నప్పుడు తిన్నది."

అని లేచి, బీరువా తీసి, నూటికి పైగా ఉన్న అట్టలలో వరుసగా చూసుకుంటూ పోయి ఒక్కదాన్ని తెచ్చింది. అందులోని ఆకుకు ఒక పక్క అర్ధచంద్రాకారంలో కొరికిన గుర్తు. భూమిక ముక్కను దాని పక్కన ఆనించింది. రెండు అర్ధచంద్రులు కలిసి గుండ్రని రంధ్రమైంది. ఈనెకు ఈనె కలిసింది. తాను పుట్టకముందే, ఏ అడవిలోనో, ఏ పురుగో తిన్న పూట లచ్చయ్య కళ్లెదుట మళ్లీ అతుక్కున్నది. ముప్పై నాలుగేళ్లు ఇనుముకు ఇనుము అతికించిన ఆయనకు, ఆ అతుకు ముందు తన పని మోటుపనిగా తోచింది.

"రోజుకు పదకొండు ముక్కలు అతుకుత," అన్నది భూమిక, గోడ గడియారం వైపు చూస్తూ. "ఇగ నువ్వు పో బాపూ. ఇంకా ఎనిమిదున్నయి."

ఆ సాయంత్రం లచ్చయ్య స్టీలు డబ్బా మూత తీసి గోలీలను చాలాసేపు చూశాడు. అతికినది కూతురా, గోలీయా అనే ప్రశ్న ఆయన మనసులో పుట్టలేదు. గోలీయే అని ఎప్పుడో నమ్మేశాడు.

మరి రెండేళ్లకు ఆ పిల్లల డాక్టరు వృత్తి విరమించాడు. భూమిక వయసు ఇరవై నాలుగు. పెద్దలను చూసే డాక్టరు దగ్గరికి మారవలసి వచ్చింది. హబ్సిగూడలోని చిన్న క్లినిక్కులో డాక్టరు స్వరూప తన కుర్చీని భూమిక వైపు తిప్పుకుని అడిగింది.

"ఎట్లా ఉన్నావు భూమికా?"

"మంచిగున్నది మేడం, పొద్దున ఏడున్నరకు వేసుకుంటది," అన్నాడు లచ్చయ్య.

"నిద్ర పడుతుందా?"

"పదకొండు దాటుతది మేడం."

స్వరూప నవ్వింది. "లచ్చయ్య గారూ, మీకు నిద్ర పడుతుందా లేదా అని తరువాత అడుగుతాను."

ఆమె భూమికకు బీపీ చూసింది. పైది నూట ముప్పై ఎనిమిది, కిందది తొంభై రెండు. నాడి నూట ఆరు. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసినా తగ్గలేదు. గుండె పరీక్ష తీయించింది; దానిలో దోషమేమీ లేదు. అప్పుడు స్వరూప మెల్లగా చెప్పింది. "ఇది మందు వల్ల కావచ్చు. నాలుగు వారాలు ఆపి చూద్దాం. ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్న పిల్లలు పెద్దవాళ్లై, ఏళ్ల తరబడి ఈ మందు వాడితే ఏమవుతుందో మా పుస్తకాలలో రాసి ఉన్నది చాలా తక్కువ. అందుకని నీ సంగతి నువ్వే నాకు చెప్పాలి. పొద్దున లేవగానే, పదింటికి, సాయంత్రం అయిదింటికి నాడి లెక్కపెట్టి రాస్తావా?"

"గోడ గడియారంల సెకండ్ల ముల్లు ఉన్నది. రాస్త," అన్నది భూమిక.

తిరుగుదారిలో లచ్చయ్య మెట్రో స్తంభాల నీడలో నడిచాడు. ఆయన కళ్లకు ఎండు ఆకుల అట్టలు కాదు, చౌరస్తాలో ఎగిరే మిఠాయి కాగితం కనబడుతున్నది. గోలీ లేకపోతే హెర్బేరియం పోతుంది. హెర్బేరియం పోతే ఈ పిల్లకు లోకంలో నిలబడడానికి ఉన్న ఒక్క తావూ పోతుంది. ఆయన భయం అదే.

గురువారం నాడు గోలీ ఆగింది. శనివారం భూమిక పాలగిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. మంగళవారం చౌరస్తా దాటుతూ నడుమ నిలబడిపోయింది. భారతమ్మ వెంట ఉన్నది గనుక సరిపోయింది. ఎనిమిదో రోజు దానయ్య ఫోను చేశాడు.

"అన్నా, ఇయ్యాల రెండే ముక్కలతికింది. రెండు గంటలు కిటికీల నిలబడి బయట పిట్టలను చూసింది. మా పెద్దసారు శ్రీనివాసరావు సారు ఏమనలే గాని, ఆమె నౌకరీ కాగితం మీద సంతకం పెట్టే కాలం దగ్గర పడ్డది. మళ్ల ఏడాదికి రాయాలె గదా. జర చూసుకో."

ఆ మధ్యాహ్నమే, భారతమ్మ కూరగాయలకు పోయిన వేళ, లచ్చయ్య బాల్కనీలో కూర్చుని స్టీలు డబ్బా తెరిచాడు. డాక్టరు పూర్తిగా ఆపమన్నది. సగం వేస్తే డాక్టరు మాటా సగం నిలుస్తుంది, పిల్ల పనీ సగం నిలుస్తుంది అని ఒక లెక్క వేసుకున్నాడు. నాలుగు గోలీలను ఒక్కొక్కటిగా, గుడ్డలో చుట్టి వైసులో అతి సుతారంగా బిగించి, సన్నని బ్లేడుతో కోశాడు. ఎనిమిది సగాలలో ఒకటి రెండవదానికి రవ్వంత ఎక్కువ కాలేదు. ఆ సగాలను మెత్తగా నూరి, ఎనిమిది పొట్లాలు కట్టి, ఆకురాళ్ల పెట్టెలో అట్టడుగున దాచాడు. కార్ఖానాలో ఇంత నాజూకు పని చేసిన నాడు ఆయనకు గర్వం కలిగేది. ఆనాడు ఎందుకో చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.

శుక్రవారం జావలో మొదటి పొట్లం కలిసింది. ఆ సాయంత్రం దానయ్య గొంతు ఫోనులో గంతులు వేసింది. "ఇయ్యాల తొమ్మిది ముక్కలన్నా! గాని మధ్యాహ్నం రెండింటికే వాడిపోయినట్టయింది పిల్ల. బల్ల మీద తల పెట్టుకున్నది." లచ్చయ్య తొమ్మిది అన్నంతవరకే విన్నాడు.

ఆదివారాలు ఆయన లాలాగూడలో పెన్షనర్ల సంఘం సమావేశానికి పోతాడు. జావ భారతమ్మ కాస్తుంది. ఆ ఒక్కనాడు తప్ప ఏడు ఉదయాలు ఏడు పొట్లాలు కలిశాయి. భూమిక ఏడు గ్లాసులూ తాగింది. ఏమీ అనలేదు.

పదిహేడో రోజు రెండవ శనివారం, సెలవు. లచ్చయ్య ఎనిమిదవ పొట్లం కలిపి గ్లాసు తెచ్చి కూతురి ముందు పెట్టాడు. భూమిక ఆ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, జరిపి, తండ్రి ముందు పెట్టింది.

"ఇయ్యాల నువ్వు తాగు బాపూ. నీ నాడి నేను చూస్త."

లచ్చయ్య గ్లాసును మళ్లీ ఆమె వైపు జరిపాడు. "నాకెందుకు బిడ్డా? నాకు ఆకలి లేదు."

"నాకు కూడ ఉండకపోయేది. పదిహేనేండ్లు. అయినా తాగు అన్నవు. ఏం కాదు అన్నవు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఆమెకు ఇంకొక పద్ధతి తెలియదు. లచ్చయ్య వంటింటి వైపు చూశాడు. భారతమ్మ చేయి తుడుచుకుంటూ గడపలో నిలబడి ఉన్నది.  సగం గోలీ, తన వంటి గట్టి మనిషిని ఏం చేస్తుందిలే అనుకున్నాడు. గటగటా తాగేశాడు. భూమిక ఆయన మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, గడియారం చూసి, పుస్తకంలో డెబ్బై రెండు అని రాసుకున్నది.

ముప్పావు గంట గడిచింది. పక్కింటి వారి తాళం ఒకటి, మూడు రోజులుగా లొంగనిది, బల్ల మీద ఉన్నది. లచ్చయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఏదో జరిగింది. చౌరస్తా నుండి వచ్చే హారన్లు వెనక్కి పోయాయి. కింద ఇంటి టీవీ వెనక్కి పోయింది. మోకాలి నొప్పి ఎవరిదో అయిపోయింది. లోకమంతా కుదించుకుని ఆ తాళం కడుపులోని ఒక స్ప్రింగు చుట్టంత అయింది. ఆ చుట్టలోని ప్రతి మెలికా పగటి వెలుగులో కొండదారి వలె స్పష్టంగా కనిపించింది. తాళం తెరుచుకున్నది. దాని తరువాత భారతమ్మ కత్తిపీట, మూడు చాకులు, గోళ్లు తీసుకునే కత్తెర, అన్నీ వరుసగా పదునుపెట్టాడు. తలెత్తేసరికి ఎండ బాల్కనీ సగం దాటింది.

భూమిక ఎదుటనే కూర్చుని ఉన్నది. మళ్లీ మణికట్టు పట్టింది. "నూట పది."

అప్పుడు ఆయనకు తన గుండె తెలిసింది. అది చొక్కా లోపలి నుండి తలుపు తట్టినట్టు కొట్టుకుంటున్నది. నాలుక అట్టకట్టింది. భారతమ్మ కంచంలో జొన్నరొట్టె పెట్టి తెచ్చింది. ఆ రొట్టెను చూస్తే బండరాయిని చూసినట్టున్నది. మూత తీయని మధ్యాహ్నపు డబ్బాలన్నీ, పదిహేనేళ్లవి, ఒకదాని మీద ఒకటి ఆయన కళ్లెదుట గోపురంలా లేచాయి. ఇంతగా ఉరికించే ఈ గుర్రం మీద ఈ పిల్ల తొమ్మిదో ఏటి నుండి ప్రతిరోజూ కూర్చుని, కళ్లెం తన చేత్తో పట్టుకుని, బడికి పోయింది, పరీక్షలు రాసింది, శనగగింజంత ఆకు ముక్కను దాని చెట్టుకు చేర్చింది. గోలీ గుర్రమే గాని స్వారీ చేసినది తన బిడ్డ. ఈ సంగతి ఆయనకు ఆ క్షణం దాకా తెలియనే తెలియదు.

"బిడ్డా," అన్నాడు. "నేను తప్పు చేసిన. జావల గోలీ కలిపిన."

"తెల్సు," అన్నది భూమిక. పుస్తకం తిప్పి చూపింది. "మొదటి ఎనిమిది రోజులు పదింటికి డెబ్బై ఎనిమిది, ఎనభై. తొమ్మిదో రోజు నూట పన్నెండు. పదో రోజు నూట పదహారు. ఆదివారం డెబ్బై తొమ్మిది. సోమవారం మళ్ల నూట పద్దెనిమిది. ఆదివారం అమ్మ జావ కాస్తది."

"మరి ఎందుకు తాగినవే!" భారతమ్మ అరిచింది.

"మొదలు లెక్క కోసం తాగిన. తర్వాత బాపు చెప్తడేమో అని తాగిన."

 భారతమ్మ భర్త వైపు తిరిగింది. "పదిహేనేండ్లు నీ చేతి జావ కండ్లు మూసుకుని తాగింది. ఇగ ఏ మొఖం పెట్టుకుని గిలాస అందిస్తవయ్యా?"

లచ్చయ్య ఖాళీ గ్లాసును తీసి తానే కడిగి బోర్లించాడు.

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ హబ్సిగూడ పోయారు. స్వరూప మొదట లచ్చయ్యను పడుకోబెట్టి గుండె పరీక్ష తీసి, ప్రమాదమేమీ లేదని తేలాక, మందలింపు మొదలుపెట్టింది.

"అరవై దాటిన మనిషి! ఎవరి మందో మింగుతారా? అది తరువాత మాట్లాడుకుందాం. ఆ గోలీని కోశారన్నారే, దేనితో కోశారు?"

"వైసుల బిగించి, బ్లేడుతోని మేడం. సరిగ్గా సగం. తేడా రానియ్యలే."

"సరిగ్గా సగమే కోశారు. కాని అది కోయకూడని గోలీ. అందులోని మందు ఒక్కసారిగా బయటికి రాదు. పొద్దున మింగితే సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా వదిలేటట్టు దాన్ని కట్టారు. మీరు కోసి నూరేసరికి, రోజంతా రావలసింది గంటలో దిగింది. అందుకే పదింటికి పరుగు, రెండింటికి వాడిపోవడం."

లచ్చయ్య కుర్చీలో ముందుకు వంగాడు. "కొంచెం కొంచెంగ... అంటే దాని లోపల వాల్వు ఉన్నదా మేడం?"

"అట్లాగే అనుకోండి."

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వడ్లగింజకు అన్నయ్య అంతటి గోలీలో, సెకండ్ల లెక్కన గాలి వదిలే వాల్వు వంటిది ఎవరో అమర్చారు. ముప్పై నాలుగేళ్లు అట్లాంటి వాల్వుకు సేవ చేసినవాడు దాన్ని వైసులో బిగించి రెండు చెక్కలు చేశాడు. సిగ్గుతో పాటు, ఆ అమర్చిన చేతుల మీద చెప్పలేని భక్తి కూడా ఆయనకు కలిగింది.

స్వరూప గొంతు తగ్గించింది. "గోలీ సంగతి అది. దాని కంటె పెద్దది ఇంకొకటి. భూమిక ఇరవై నాలుగేళ్ల మనిషి. ఆమెకు తెలియకుండా ఆమె ఒంట్లోకి ఏదీ పోకూడదు. ప్రేమతో అయినా సరే."

"ఇగ ఎన్నడు పోదు మేడం," అన్నాడు లచ్చయ్య. ఆ మాట డాక్టరుతో అన్నా, చూపు కూతురి పాదాల మీద ఉన్నది.

నాలుగు వారాలు మొదటి నుండి మళ్లీ మొదలయ్యాయి. ఆ సోమవారం గడవకముందే, మళ్లీ డబ్బా తెరవాలని లచ్చయ్యకు చేతులు దురదపెట్టాయి. భూమిక తాళంచెవి మరిచింది. మరునాడు బస్ పాసు మరిచింది. మూడో రోజు ఆమే అడిగింది.

"బాపూ, మీ కార్ఖానాల పానాలు ఎట్ల పోకుండ ఉండేటియి?"

"బోర్డుకు కొక్కేలు ఉంటయి బిడ్డా. ఒక్కో పానా వెనుక దాని ఆకారం తెల్లరంగుతో గీసి ఉంటది. పానా లేకుంటే ఉత్త బొమ్మ కనబడతది. గేటు దాటకముందే తెలుస్తది."

"నాకొకటి చెయ్యి."

కార్ఖానా వదిలాక ఆయన చేసిన పనులలో అంత శ్రద్ధతో చేసినది ఇంకొకటి లేదు. తలుపు పక్కన పలక బిగించి, తాళంచెవి, పాసు, ఫోను, కళ్లజోడు, మంచినీళ్ల సీసా, అయిదింటి ఆకారాలు తెల్లగా గీశాడు. గ్యాసు పొయ్యికి గంట కొట్టే గడియారం తగిలించాడు. భూమిక రోజూ పలక ముందు నిలబడి, వస్తువులన్నీ తీసుకుని, అయిదు తెల్లబొమ్మలూ బయటపడ్డాకే గడప దాటింది. మరుపు పూర్తిగా పోలేదు. పోవాలని ఎవరూ అనలేదు. శ్రీనివాసరావు గారి దగ్గరికి ఆమే వెళ్లి, "నేను మందు ఆపి చూస్తున్న సార్. నాలుగు వారాలు ముక్కలు తక్కువ అతుకుత," అని చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఆ ఆకులు డెబ్బై ఏళ్లు ఆగాయమ్మా, నాలుగు వారాలు ఆగలేవా?" అన్నాడట. సంవత్సరపు కాగితం మీద సంతకమూ చేశాడు. ఈ ఒక్క మాట తాను ముందుగా అడిగి ఉంటే ఎనిమిది పొట్లాల అవసరమే ఉండేది కాదని లచ్చయ్య లోలోపల కుమిలాడు.

నాలుగు వారాలు నిండాక స్వరూప ఎదుట కూర్చున్నారు. బీపీ నూట పద్దెనిమిదికి దిగింది.

"ఎట్లా ఉంది?" అన్నది డాక్టరు. ఈసారి కావాలనే ఇద్దరినీ చూస్తూ అడిగింది.

లచ్చయ్య నోరు తెరిచాడు. పదిహేనేళ్ల అలవాటు నాలుక చివరికి వచ్చింది. దాన్ని అక్కడే ఆపి, "ఆమెనే అడుగున్రి మేడం," అన్నాడు.

భూమిక పుస్తకం తెరవలేదు. కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "గోలీ లేకుంటే ఆకలైతది. అమ్మ చేసిన వంకాయ కూర రుచి ఎట్లుంటదో తెలిసింది. నిద్ర పదింటికే వస్తది. కిటికీ బయట మూడు రకాల పిట్టలున్నయి. గోలీ ఉన్నప్పుడు వాటిని చూడలే. కాని ట్యూబులైటు చప్పుడు చెవులల్ల దూరుతది. మనుషులందరు ఒక్కసారే మాట్లాడినట్టుంటది. రోడ్డు దాటుడు కష్టం. ముక్కలు రోజుకు నాలుగు. నాకు ముక్కలు అతుకుడు ఇష్టం. బాపు కోసం కాదు, నాకు ఇష్టం. అందుకని గోలీ కావాలె. అంత పెద్దది వద్దు. పని ఉన్న రోజులే వేసుకుంట. శని, ఆదివారాలు పిట్టలు చూస్త. నాడి వంద దాటితే నీకు ఫోను చేస్త."

డాక్టరు కలం అందుకున్నది. ఆమె మెల్లగా అన్నది. "భూమికా, తక్కువ మోతాదుతో మొదలుపెడదాం. నెలకోసారి బీపీ చూద్దాం. ఇప్పుడు నువ్వు చెప్పింది చెప్పినట్టు నా కాగితాలలో రాసుకుంటున్నాను. ఇట్లా చెప్పేవాళ్లు మాకు ఎక్కువమంది దొరకరు."

లచ్చయ్య కూతురి వైపు చూస్తూ ఉండిపోయాడు. పాతికేళ్లుగా ఒకే ఇంట్లో మెలిగిన మనిషిని ఆనాడే ఎవరో పరిచయం చేసినట్టున్నది ఆయనకు. నాలుగేళ్ల దాకా మాట రాని పిల్ల, వైద్యుల పుస్తకాలలో లేని మాటను వైద్యురాలి చేత రాయిస్తున్నది.

ఆ తరువాతి సోమవారం వచ్చింది. స్టీలు డబ్బా దేవుడి అర కింద లేదు. భూమిక తన గదిలో, తన అలమరలో పెట్టుకున్నది. ఏడున్నరకు ఆమె కొత్త గోలీని తానే తీసి, ముందూ వెనుకా చూసి, కోయకుండా, నూరకుండా, మంచినీళ్లతో మింగింది. లచ్చయ్య జావ గ్లాసు తెచ్చాడు. తెచ్చి వెంటనే కింద పెట్టలేదు. చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"రాగిపిండి, మజ్జిగ, ఉల్లిగడ్డ. ఉప్పు సగమే ఏసిన, బీపీ ఉన్నది గదా. ఇంకేం లేదు బిడ్డా."

ఎవరూ అడగలేదు. ఆమె గ్లాసు అందుకుని, ఆయన ముఖంలోకి చూసింది. తలుపు పూర్తిగా మూసిన నాడు చూసినట్టే చూసింది. తాగింది. పలక ముందు నిలబడి అయిదు బొమ్మలూ ఖాళీ చేసుకుని, విశ్వవిద్యాలయం వైపు నడిచింది.

ఆనాటి నుండి ప్రతి ఉదయమూ లచ్చయ్య గ్లాసు అందించే ముందు అందులో ఏమేమి ఉన్నవో పేరుపేరునా చెబుతాడు. "చాలు బాపూ, తెల్సు," అని భూమిక ఒక్కనాడు కూడా అనలేదు. చివరి మాట దాకా వింటుంది. విన్న తరువాతే తాగుతుంది.